రెండో పిలుపు

"పేరు పెట్టి పిలుస్తారంటరా? నీళ్ళ మీంచే పిలుస్తారంటనా?"

లోవమ్మ ఈ మాట పొద్దున్నుంచీ అడుగుతూనే ఉంది. పొయ్యి మీద బానలో తుమ్మచెక్క ఉడుకుతోంది. నీళ్ళు ముందు పచ్చగా, తర్వాత ఎర్రగా తిరిగి, ఇప్పుడు పాత ఇటుక రంగుకి వచ్చాయి. ఆమె కర్రతో అడుగునుంచి ఒకసారి కలిపి, కర్ర కొసన కారే చుక్కని బొటనవేలి గోరు మీద వేసుకుని చూసింది. గోరు మీద మరక నిలబడితేనే వల దింపాలి. నిలబడకముందే దింపితే నార నాలుగు వానలకి చీకిపోతుంది.

"పడవ మీంచమ్మా," అన్నాడు సత్తియ్య. కొత్త వలని మోకాళ్ళ మీద పరుచుకుని, ఎక్కడైనా కన్ను తెగిందేమోనని వేళ్ళతో తడుముకుంటున్నాడు. "పడవ నీళ్ళ మీద కాక ఇంకెక్కడుంటది?"

"ఒడ్డుకొచ్చి పిలవచ్చుగా."

"ఇసక మేట అడ్డం. మాఘమాసంలో అంత పెద్ద పడవ మన రేవులోకి ఎలా వస్తది? కిందటేడూ అక్కడే ఆగింది. ఓట్లు రాసుకునే అధికారి దిగరు."

"దిగితే బురదంటుకుంటదనా?"

"నన్నడిగితే? వచ్చాక ఆయన్నే అడుగు."

గుమ్మంలో కూచుని బియ్యంలో రాళ్ళేరుతున్న కోడలు బుల్లెమ్మ పైటచెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పిల్లకి మూడో నెల. లోవమ్మ అటు చూసి వెంటనే చూపు తిప్పుకుంది. ఎక్కువసేపు చూస్తే దిష్టి తగులుతుందని భయం. చూడకపోతే ఆ పిల్ల ముఖం పాలిపోయిందో లేదో తెలియదని భయం.

గోరు మీద మరక నిలబడింది. తల్లీకొడుకులు ఇద్దరూ చెరోవైపు పట్టుకుని వలని బానలోకి దించారు. వల ముందు తేలింది, తర్వాత రంగు తాగి బరువెక్కి, నిద్రపట్టిన పిల్లవాడి చెయ్యిలా మెల్లగా జారిపోయింది.

తొగరలంకలో పుట్టిన ఏ బిడ్డకైనా నడక వచ్చేలోపే నేర్పే సంగతి ఒకటుంది. గోదారి మీంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకి పలకకూడదు. రెండో పిలుపుకీ పలకకూడదు. మూడోసారి కూడా పిలిస్తేనే అది మనిషి. నీళ్ళల్లో ఉన్నదానికి మూడోసారి పిలిచే ఓపిక ఉండదు. పలికినవాడి గొంతు పట్టుకుని వాణ్ణి తీసుకుపోతుంది. లోవమ్మ పెద్దకొడుకు పల్లంరాజు వరదరోజుల్లో ఒక తెల్లవారుజామున మొదటి పిలుపుకే "ఓయ్" అన్నాడు. తెలిసినవాళ్ళ గొంతే. పడవ మాత్రం తిరిగొచ్చింది, బోర్లా.

వల నానుతుండగా పెద్దిరాజు వచ్చాడు. లంక ఎగువకొసన పొగాకూ మిరపా వేసే రైతు. ఈసారి తాలూకా బోర్డుకి నిలబడింది ఆయనే. తలపాగా విప్పి దులిపి, తారు పూసి బోర్లించిన నాటుపడవ మీద కూచున్నాడు.

"నీతో మాట్లాడదామనే వచ్చాను లోవమ్మా."

"ఓటు వాడిదండి. వాడిక్కడే ఉన్నాడు."

"వాడితో అయింది. మా అమ్మనడగండి అన్నాడు."

సత్తియ్య బాన మీదకి వంగి, కలపాల్సిందేమీ లేకపోయినా కర్రతో కలపడం మొదలుపెట్టాడు.

పెద్దిరాజు చెప్పింది లోవమ్మకి తెలియని సంగతేమీ కాదు. బోర్డు వచ్చిన కొత్తలో గట్టుమీది ఊళ్ళన్నిటినీ బాటల వెంట సర్కిళ్ళుగా పంచారు. బాటలు లేని లంకలు మిగిలిపోయాయి. మిగిలినవాటిని ఒక చోటికి చేర్చి లంక సర్కిలన్నారు. మొదట్లో మునసబుగారి అరుగు మీద పన్ను కట్టే మగవాళ్ళందరినీ కూచోబెట్టి, చేతులెత్తించి ఓట్లు రాసుకునేవాళ్ళు. అప్పట్లో ఎన్నికైన పెద్దమనిషి బోర్డులో పోరి పోరి తొగరలంక రేవుకి దాటు పడవ వేయించాడు, వరదకాలంలో కూడా ఆగకుండా. తర్వాత కొత్త అధికారి వచ్చాడు. ఆయన పడవ దిగడు. బంట్రోతు పడవ అంచున నిలబడి పేరు పిలుస్తాడు. పలికినవాణ్ణి చిన్న దోనెలో పడవ దగ్గరికి తీసుకెళ్ళి ఓటెవరికో చెప్పమంటారు. కిందటేడు బంట్రోతు ఒక్కొక్క పేరూ రెండుసార్లు పిలిచాడు. ఒక్కరూ పలకలేదు.

"అందరూ ఎదురుగానే నిలబడి ఉన్నారు," అన్నాడు పెద్దిరాజు. "అయినా అందరికీ గైరుహాజరని రాసుకుపోయారు. నేను జ్వరంతో మంచమ్మీద ఉన్నాను గానీ, ఉన్నా ఏం చేసేవాణ్ణో తెలియదు. అర్జీల మీద అర్జీలు పెడితే మళ్ళీ ఒకసారి వస్తామన్నారు. ఈసారీ ఎవరూ లేరని రాస్తే సర్కిలు ఎత్తేసి గట్టు ఊళ్ళల్లో కలిపేస్తారు."

"కలిపితే ఏమవుద్దండి?"

"పడవ పోతుంది. గట్టుమీది వాళ్ళకి మన వరద ఏం పట్టింది లోవమ్మా? పడవ ఖర్చు దండగని ఇప్పటికే అంటున్నారు."

లోవమ్మ గుమ్మం వైపు చూడకుండా ఉండడానికి పొయ్యిలో కట్టె ఒకటి బయటికి లాగింది. శ్రావణంలో బుల్లెమ్మ నీళ్ళాడాలి. శ్రావణంలో గోదారి ఎలా ఉంటుందో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. మంత్రసాని గట్టుమీదే ఉంటుంది. ఈ పడవ లేని రోజుల్లో పొరుగింటి ఏసమ్మ నొప్పులు పడుతూ రేవులో కూచుని, రేవులోనే ప్రాణం వదిలింది.

"మీవాడి ఇల్లు రేవుకి మొదటిది కాబట్టి పేరూ మొదటిదే," అన్నాడు పెద్దిరాజు. "వీడు పలికితే వెనకవాళ్ళు పలుకుతారు. వీడు పలక్కపోతే నేను కూడా పలకలేనేమో. నిజం చెప్తున్నాను, మా అమ్మ నాకూ అదే నేర్పింది. నాకే చెప్పమని అడగట్లేదు. నా మీద నిలబడ్డ ఆ గట్టుమీది వెంకటరాజుగారికి చెప్పినా సరే. ఇక్కడ మనుషులున్నారని వాళ్ళకి తెలియాలి. అంతే. పలకనిస్తావా?"

లోవమ్మ లాగిన కట్టెని మళ్ళీ పొయ్యిలోకి తోసింది. పెద్దిరాజు లేచాడు. తలపాగా మళ్ళీ చుట్టుకుని, బానలో వల వైపు ఒకసారి చూసి, "రంగు బాగా పట్టింది," అని వెళ్ళిపోయాడు.

*

మర్నాడు లోవమ్మ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని దాటు పడవ ఎక్కింది, కొవ్వూరు రేవులో అమ్ముకురావడానికి. పడవలో ఎదురుగా అచ్చాయమ్మ. వరసకి వదిన. ఆమె తట్టలో చేపలకన్నా ఆమె దగ్గర కబుర్లెక్కువ.

"ఏంటొదినా, మీవాడికి గొంతొచ్చిందంటనా?"

"ఎవరన్నారు?"

"ఊరంతా అంటంది. కిందటేడు మన మగాళ్ళు ఒడ్డున కొంగల్లా నిలబడ్డారు. కొంగలైనా అప్పుడప్పుడూ అరుస్తాయి."

"మీ ఆయన పలికాడేంటి మరి?"

"మా ఆయనా? పొయ్యి దగ్గర నుంచి నేను అన్నానికి పిలిస్తేనే పలకడు. ఇంక సర్కారోళ్ళకేం పలుకుతాడు."

పడవలో అందరూ నవ్వారు. గడవేసేవాడు కూడా నవ్వి గడ వేయడం మర్చిపోయాడు. పడవ తనంతట తానే కాసేపు జారింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఎండ ఇంకా పూర్తిగా రాలేదు. అవతలి గట్టు, తాటిచెట్లు, రేవుమెట్లు అన్నీ పాలల్లోంచి చూస్తున్నట్టున్నాయి. దూరంగా ఎవరో విసురువల విసిరారు. వల గాల్లో గుండ్రంగా విచ్చుకుని, నీళ్ళ మీద పడి, రెప్పపాటు కాలం ఆ గుండ్రం అలాగే నిలిచి, మునిగిపోయింది. సర్కిలంటే ఏంటని అడిగితే పెద్దిరాజు ఒకసారి ఇసకలో పుల్లతో గుండ్రంగా గీసి చూపించాడు. ఇందులో మనమందరం ఉన్నాం అన్నాడు. లోవమ్మకి ఆ గీత ఇసక మీద కాదు, నీళ్ళ మీదే కనిపించేది. ఎవరో చాలా ఎత్తునుంచి ఒక వల విసిరితే అది లంకలన్నిటి చుట్టూ పడినట్టు. అందులో ఉండడం మంచిదో కాదో ఆమెకి ఎప్పుడూ తేలలేదు.

కొవ్వూరు రేవులో అధికారి పడవ కట్టేసి ఉంది. ఆకుపచ్చ రంగు, గదులు, కిటికీలకి తెరలు. ముందుభాగంలో ఒక సన్నపాటి మనిషి మెడకి ఉన్నిగుడ్డ చుట్టుకుని, డవాలు పట్టీ మీద ఇత్తడిబిళ్ళని బూడిదతో తోముకుంటూ, దగ్గుతూ పడవవాళ్ళతో మాట్లాడుతున్నాడు. లోవమ్మ మెట్టు మీదే ఆగిపోయింది. ఆ గొంతు కిందటేడు విన్నదే. ఒడ్డున సత్తియ్య వెనకాల నిలబడి, వాడి పంచె అంచు పట్టుకుని విన్నది.

"ఇసకదొందులున్నాయేంటి?" అన్నాడు బంట్రోతు.

"ఉన్నాయి బాబూ."

"శుభ్రం చేసి పెట్టు. అయ్యగారు తినరులే, నాకే."

ఆమె మెట్టు మీద కూచుని బూడిద అద్ది, చేపని కత్తిపీటకి రాస్తూ పొలుసు తీసింది. చేతులు వాటంతట అవే పని చేసుకుపోతున్నాయి. కళ్ళు మాత్రం అతని మీదే. కాళ్ళు రెండూ ఉన్నాయి. నీడ పడుతోంది. గోళ్ళకి బూడిద అంటుకుంది. మనిషే.

"ఏ ఊరు?"

"తొగరలంక."

అతను తోమడం ఆపాడు. "అదే ఆ చెవిటోళ్ళ ఊరా? గొంతు చించుకుని పిలిచాను పోయినేడు. ఈ దగ్గు అప్పుడు పట్టిందే. రేపు మళ్ళీ రావాలి మీ ఖర్మకి. పలుకుతారా ఈసారన్నా?"

లోవమ్మ చేప కడుపు చీరి, వేలితో శుభ్రం చేసి, నీళ్ళల్లో జాడించింది. తర్వాత తల ఎత్తకుండా అడిగింది. "బాబూ, మూడోసారి కూడా పిలవకూడదా?"

"మూడోసారా?"

"ఒక్కో పేరూ. ఇంకొక్కసారి."

అతనికి నవ్వొచ్చింది, నవ్వులోంచి దగ్గొచ్చింది. "సర్కారోళ్ళు రెండుసార్లు పిలవడమే ఎక్కువ. అయ్యగారు గడియారం ముందెట్టుకుని కూచుంటారు. రెండో పిలుపవగానే రాసేసుకుంటారు. మూడోసారి నేను నోరు తెరిచానంటే ఈ బిళ్ళ ఊడిపోద్ది. ఏం, రెండు పిలుపులకి వినబడదా మీకు?"

ఎందుకో చెప్పాలనుకుంది. కానీ ఆ సంగతి నీళ్ళ ఒడ్డున చెప్పుకునేది కాదు. చేపల్ని ఆకులో చుట్టి అతని చేతిలో పెట్టింది.

*

సాయంత్రం వల ఆరింది. గుంజల మీంచి తీసి మడతపెడుతుంటే ముదురు రంగు వాసన చేతులకి అంటింది. సత్తియ్య పొలం పక్కకి వెళ్ళాడు. బుల్లెమ్మ నడుం పట్టుకుని వచ్చి పక్కన కూచుంది. లోవమ్మ ఆముదం తెచ్చి, కోడలి పాదాలు ఒళ్ళో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది.

"అత్తా, నీకాయన మాటిచ్చాడంట గదా. నీళ్ళ మీంచి పిలిస్తే పలకనని."

"ఇచ్చాడు."

"ఎప్పుడు?"

"పెద్దోడు పోయినప్పుడు. ఇసక మీద చెయ్యేయించి."

బుల్లెమ్మ తన పాదాలు చూసుకుంది. వేళ్ళ మధ్య ఇసకరేణువులు ఆముదంతో మెరుస్తున్నాయి. "మరి శ్రావణంలో..." అని, ఆ మాట పూర్తి చేయలేదు. గోదారి మీంచి చల్లటిగాలి వచ్చింది. లోవమ్మ ఆ పిల్ల పాదాలు పైటచెంగుతో కప్పి, కప్పిన చోటే రెండు చేతులూ పెట్టుకుని కూచుంది. పల్లంరాజు చిన్నప్పుడు కూడా ఆమె ఇలాగే వాడి కాళ్ళు కప్పేది. కాళ్ళు కప్పితే ఎక్కడికీ పోడన్నట్టు.

ఆ లంక సర్కిలు ఎప్పటికీ ఉండేది కాదని ఆ సాయంత్రం ఎవరికీ తెలియదు. కొన్నేళ్ళ తర్వాత గోదారి ఎగువకొసని కోసుకుపోయింది. పెద్దిరాజు మిరపచేను, మునసబుగారి అరుగు నీళ్ళపాలయ్యాయి. లంకల్లో ఒకటి మొత్తానికే కనబడకుండా పోయింది. మిగిలిన ఊళ్ళని అప్పుడు గట్టువాటిల్లో కలిపేశారు, ఆ పేరుతో సర్కిలొకటి ఉండేదని చెప్పేవాళ్ళు కూడా తగ్గిపోయారు. అది నది తీసుకున్నది. కానీ ఆ మాఘమాసంలో మాత్రం లంక ఉంది, దాని మీద మనుషులున్నారు, వాళ్ళు లేరని రాయడానికి పడవ బయల్దేరి వస్తోంది.

*

తెల్లారేసరికి పొగమంచు. పక్కనున్నవాళ్ళు తప్ప ఇంకేమీ కనబడనంత మంచు. రేవులో మగవాళ్ళంతా అప్పటికే చేరారు. తువ్వాళ్ళు తలకి చుట్టుకుని, ఒకరిని ఒకరు ఆనుకుని నిలబడ్డారు. వెనకాల ఆడవాళ్ళు. అచ్చాయమ్మ కూడా నోరెత్తడం లేదు. పెద్దిరాజు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. మంచుకి అది అప్పుడే తడిసి వంటికి అంటుకుపోయింది.

సత్తియ్య అందరికన్నా ముందు, పాదాలు తడిసే చోట నిలబడ్డాడు. లోవమ్మ వాడి వెనకే ఉంది. పంచె అంచు పట్టుకోలేదు. చేతులు రెండూ పైటలో దాచుకుంది.

తెడ్ల చప్పుడు వినిపించింది. ఎక్కడినుంచో తెలియదు, అన్నివైపులనుంచీ వచ్చినట్టుంది. తర్వాత లంగరు పడిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. పడవ లేదు, మేట లేదు, అవతలి గట్టు లేదు. తెల్లటి ఖాళీ ఒకటి నీళ్ళ మీద నిలబడి ఉంది.

అందులోంచి గొంతొచ్చింది.

"తొగరలంక, సత్తియ్య."

ఒడ్డున ఒక్క తువ్వాలు కూడా కదల్లేదు. లోవమ్మ చెవులు రిక్కించింది. ఆ గొంతు దగ్గుమనిషిదే. నిన్న ఇసకదొందులు కొనుక్కున్నవాడిదే. ఆమె తనకి తాను అదే చెప్పుకుంది. కానీ పల్లంరాజుని పిలిచిన గొంతు కూడా తెలిసినదే.

మంచులో ఎవరో గొంతు సవరించుకున్నారు. కాగితం కదిలిన చప్పుడైంది. సత్తియ్య తల సగం తిప్పి తల్లి వైపు చూశాడు. అందులో అడగడం లేదు. ఇచ్చినమాట మీద నిలబడ్డానన్న చూపు అది. ఆ చూపుతో లోవమ్మకి తెలిసిపోయింది. వీడు పలకడు. ఎన్నిసార్లు పిలిచినా, ఎవరు పిలిచినా, శ్రావణంలో బుల్లెమ్మే ఈ రేవులోంచి పిలిచినా.

"సత్తియ్యా."

రెండో పిలుపు నీళ్ళ మీద జారుకుంటూ వచ్చి, ఒడ్డుకి తగిలి ఆగిపోయింది.

లోవమ్మ కొడుకుని దాటుకుని నీళ్ళల్లోకి దిగింది. చీర కుచ్చెళ్ళు తేలి, తడిసి, కాళ్ళకి చుట్టుకున్నాయి. మోకాళ్ళదాకా వచ్చాక ఆగింది. ఇప్పుడు ఆ తెల్లటి ఖాళీకీ కొడుక్కీ మధ్య ఆమె ఉంది. పట్టుకునేది ఎవరి గొంతు వింటే వాళ్ళనే పట్టుకుంటుంది కదా.

"ఓయ్," అంది.

పెద్దగా అనలేదు. కానీ ఆ నిశ్శబ్దంలో అది చాలా దూరం పోయింది. వెనకాల బుల్లెమ్మ "అత్తా" అనబోయి ఊరుకోవడం వినిపించింది. లోవమ్మ కళ్ళు మూసుకుని నిలబడింది. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మడమల కింద ఇసక మెల్లగా, ఎప్పటిలాగే, కొంచెం కొంచెంగా కరిగి జారుతోంది. ఏదైనా చెయ్యి పాదాన్ని పట్టుకుంటుందని ఎదురుచూసింది. చిన్న చేప ఒకటి పిక్కకి తగిలి పోయింది. అంతే.

మంచులో ఇద్దరు మాట్లాడుకున్నారు. ఎవరో సన్నగా నవ్వారు. తర్వాత ఇంకో గొంతొచ్చింది. బంట్రోతుది కాదు, ఎప్పుడూ గట్టిగా అరవక్కర్లేనివాడి గొంతు.

"ఎవరది పలికింది? ఆడమనిషిలా ఉంది. ఆడమనిషి పలికితే చెల్లదని చెప్పండి." కాసేపాగి, ఆ గొంతే సూటిగా ఒడ్డునున్నవాళ్ళని అడిగింది. "సత్తియ్య అనేవాడు అక్కడున్నాడా, లేడా?"

ఆ పేరు రావడం అది మూడోసారి. పెద్దిరాజు పెదవులు కదిలి ఆగిపోయాయి. అడగాల్సినవాడు అడిగేశాడు, ఇంక కలం ఎత్తడమే తరువాయి. మంచు లోపల ఎక్కడో సూర్యుడు ఉన్నట్టున్నాడు, తెలుపు కొంచెం పసుపయింది. దాని వెనక ఆకుపచ్చగా ఏదో మెల్లగా తేలుతూ కనిపించి, మళ్ళీ కనబడలేదు. లోవమ్మ కళ్ళు తెరిచింది. తనింకా ఇక్కడే ఉంది. మోకాళ్ళదాకా తడిసి, ఉన్నచోటే ఉంది. మెల్లగా వెనక్కి తిరిగి కొడుకు ముఖంలోకి చూసింది. పైటలోంచి చేతులు రెండూ తీసి, ఖాళీగా ఉన్నాయని చూపించినట్టు, నీళ్ళ మీదికి చాపింది.

సత్తియ్య ఆ చేతుల వైపు చూశాడు. ఆమె వెనకాల మంచు వైపు చూశాడు. నీళ్ళల్లోకి అడుగులు వేసి, తల్లి పక్కకి వచ్చి నిలబడ్డాడు. నీళ్ళు ఇద్దరి కాళ్ళ చుట్టూ సుడి తిరిగి, సర్దుకుని, మళ్ళీ నిలకడగా అయిపోయేదాకా ఆగాడు.

అప్పుడు అన్నాడు.

"ఉన్నానండి."